సముద్రపు నీలిబుడగయు, మన మెట్టసీమ చదువును

మన అనంతపురపు పీఠభూమి సముద్రమునకు మిక్కిలి దూరమైనది. పక్షి యెగిరినంత సూటిగా లెక్కించినను తూర్పుతీరము 250 కిలోమీటర్లకుఁ బైఁగా నుండును. పడమటితీరము అంతకంటెను దూరము. అయినను మన పూర్వులకు సముద్రమనిన నెంత మక్కువయో! నీరు నిలిచిన ప్రతి పెద్ద చెఱువును వారు సముద్రమనియో, సాగరమనియో పిలిచిరి. మన పట్టణము చెంతనే యున్న బుక్కరాయసముద్రము పేరే యిందుకు సాక్షి. అనంతసాగరమను చెఱువు పేరిటనే అనంతపురము వెలసినదని జనశ్రుతి. నీరు కఱవైన చోటనే నీటికిఁ బెద్దపేరు పెట్టుట మానవస్వభావము కాఁబోలును.

అట్టి సీమలోని పాఠశాల పత్రికయందు సముద్రజంతువును గూర్చి వ్రాయుట కొందఱికి వింతగాఁ దోఁపవచ్చును. బావి యెండినవాఁడు పడవ బేరమాడినట్లున్నదని పరిహసించువారును గలుగుదురు. వారికిఁ బ్రత్యుత్తరముగానే యీ వ్యాసమును వ్రాయుచున్నాను. సముద్రమును గన్నులారఁ జూడని బాలబాలికలకును సముద్రజీవుల పాఠ మవసరమని నా యభిప్రాయము. అందును, పలువురు జెల్లీచేప యని భ్రమపడు నొక నీలపు జీవిని గూర్చిన పాఠము మఱింత యవసరము. ఏలయన, అది సముద్రమును గూర్చి చెప్పుటయే గాక, చూచిన వస్తువును సరిగా గుఱుతించు పద్ధతిని సైతము మనకు నేర్పఁగలదు.

మొదట నా జీవి యెట్టిదో తెలిసికొందము. వెచ్చని సముద్రములలో, నీటి పైభాగమున, గాలి యెటు తోలిన నటు తేలిపోవుచుండు నీ జీవికి గాలి నిండిన పలుచని బుడగ యొకటి కలదు. నీలము, ఊదా, లేఁత గులాబి వన్నెలు దానియందుఁ గలసి మెఱయుచుండును. బుడగ మీఁద కోడిపుంజు జుట్టువలె మడతలు పడిన అంచు నిలిచియుండును. అదియే దాని తెరచాప. పూర్వకాలపు పోర్చుగీసు యుద్ధనౌక చాప లెత్తుకొని పోవుచున్నట్లు కానవచ్చుటచేత ఆంగ్లేయ నావికులు దీనికి 'పోర్చుగీసు మేనవార్' అని పేరిడిరి. ఆస్ట్రేలియాలోను, మన దేశపుఁ బడమటి తీరమునను దీనిని 'బ్లూబాటిల్', అనఁగా నీలిసీస, యందురు. శాస్త్రజ్ఞు లిడిన పేరు ఫైసేలియా. ఆ గ్రీకుమాటకు బుడగ యనియే యర్థము. మనము సౌకర్యార్థము నీలిబుడగ యందుము.

అట్లాంటిక్ మహాసముద్రమున దొరకు పెద్దరకపు బుడగ 30 సెంటీమీటర్ల పొడవు వఱకు నుండును. మన తీరములకుఁ గొట్టుకొనివచ్చు రకము సామాన్యముగాఁ జిన్నది, అఱచేతిలో నిముడునంతటిది. చూచుటకు ముద్దుగొలుపు నీ బుడగ క్రింద, నీటిలోపల, నీలపు దారములవంటి వ్రేలాడు అవయవములు గలవు. పెద్దరకమున నవి 10 మీటర్లు సామాన్యము. ఒక్కొక్కప్పుడు 30 మీటర్ల వఱకును సాగును. అనఁగా మనయూరి చేఁదబావి లోతునకు మించిన త్రాడన్నమాట. ఆ త్రాడు పొడవునను కంటికిఁ గానరాని తిత్తులు వేలకొలఁది యుండును. ఒక్కొక్క తిత్తిలో చుట్టచుట్టుకొన్న బోలుదార మొకటి సిద్ధముగా నుండును. చేపపిల్ల యొకటి తగిలినంతనే తిత్తి పగిలి, దారము బాణమువలె వెలువడి, విషమును లోనికెక్కించును. ఇదంతయు ఱెప్పపాటుకంటె నెంతయో తక్కువ కాలమున జరిగిపోవును. చచ్చి యొడ్డున పడియున్న నీలిబుడగయందును ఈ తిత్తులు దినములకొలఁది కుట్టు శక్తిని గలిగియుండును. ముద్దుగానున్నదని పసివారు చేతఁ బట్టుకొనుట యందే యపాయము.

ఇఁక భ్రమ సంగతి. దీనిని జూచినవారిలోఁ బెక్కుమంది జెల్లీచేప యనియే తలఁతురు. రెండును మెత్తనివి, రెండును కుట్టునవి, రెండును నీటఁ దేలునవి. కావున భ్రమ సహజమే. కాని జెల్లీచేప యొంటిజీవి. దాని శరీరము గొడుగువలె నుండి, ముడుచుకొనుచు విచ్చుకొనుచు నీటిలో నీఁదును. నీలిబుడగకు గొడుగు లేదు, ఈఁత రాదు. గాలియే దానికి బండి. జెల్లీచేప నీటిలోపల మునిఁగి తిరుగును. నీలిబుడగ నీటిపైననే బ్రదుకును. ఈ రెండును దూరపు జ్ఞాతులే గాని యొక యింటివి గావు. పగడపుఁ బురుగు, సముద్రపుష్పము, చెఱువులలో నుండు హైడ్రా మొదలగునవెల్ల నీ పెద్దకుటుంబములోనివే. అందులో నీలిబుడగకు దగ్గఱి చుట్టము జెల్లీచేప గాక హైడ్రా యగుట మిక్కిలి గమనింపఁదగిన విషయము. దీనిని మరల ముందు ప్రస్తావింతును.

నీలిబుడగ నిర్మాణ మత్యద్భుతమైనది. అది పెక్కు చిన్నజీవముల సముదాయము. ఆ చిన్నవానిని జూయిడ్లందురు. ఒకటి గాలి నిండిన బుడగయై తేల్చును. కొన్ని పొడవైన త్రాళ్లుగా సాగి వేఁటాడును. కొన్ని వట్టి నోళ్లును కడుపులునై, పట్టుపడిన చేపను ముసురుకొని జీర్ణింపఁజేయును. ఆ యాహారమే సముదాయమంతటికిని బంచఁబడును. మఱికొన్ని సంతానోత్పత్తికై యేర్పడినవి. వేఁటాడునది తినలేదు, తినునది వేఁటాడలేదు, తేల్చునది రెండును జేయలేదు. బుడగలోని గాలి యందు సామాన్యవాయువుతోఁ గూడ కార్బన్ మోనాక్సైడును గలదు. తలుపులు మూసిన గదిలో బొగ్గుకుంపటి పెట్టుకొని నిద్రించువారి ప్రాణము దీయు వాయువే యది. దానినే యీ జీవి తన దేహమునఁ దయారు చేసికొని బుడగను నింపుకొనును. మఱియొక వింత: కొన్నిటి తెరచాప కుడివైపునకును, కొన్నిటిది యెడమవైపునకును వాలియుండును. కావున నొకే గాలి యందు కొన్ని యొకవైపునకు, కొన్ని వేఱొకవైపునకుఁ బోవును. గాలి యొక గుంపును దెచ్చి యొడ్డున పాఱవైచినను, రెండవ గుంపు తప్పించుకొనుట కిది సాయపడునని పండితుల యూహ.

ఇచ్చట రెండవ భ్రమ యొకటి పుట్టినది. మొదటి భ్రమను దిద్దఁబోయినవారు తఱచుగా "ఇది యొక జీవి గాదు, నాలుగు వేర్వేఱు జంతువులు కూడి యేర్పఱచుకొన్న సంఘము" అని చెప్పుదురు. ఆ మాట వినుట కింపుగా నున్నది. కాని యదియు సగము సత్యమే. ఈ జూయిడ్లు వేర్వేఱు చోట్ల బుట్టి, తరువాత స్నేహము చేసికొని, ఒప్పందము వ్రాసికొని కూడినవి గావు. ఒకే యండమునుండి మొదటి జీవము పుట్టి, చెట్టునకుఁ గొమ్మలవలె దానికి మొగ్గలు తొడిగి, ఆ మొగ్గలే యీ భిన్నరూపములు దాల్చినవి. వేఱుచేసినచో నేదియుఁ దనంతట బ్రదుకఁజాలదు. దీనిని ఒకజీవి యనవలయునా, పెక్కుజీవులనవలయునా యను ప్రశ్న పండితులను జిరకాలము బాధించినది. ప్రకృతి మన లెక్కలకు లొంగియుండవలెనను నియమ మేమియు లేదు గదా!

మూఁడవ సంగతియుఁ జెప్పవలసియున్నది. స్వీడను దేశపు మహాశాస్త్రజ్ఞుఁడు లినేయసు 1758లో దీనికి శాస్త్రీయనామ మొసఁగునప్పుడు హోలోతూరియా యను వర్గమునఁ జేర్చెను. నేఁడా పేరు సముద్రదోసకాయ యను వేఱొక జంతువునకుఁ జెల్లుచున్నది. 1801లో లామార్కు దీనిని ఫైసేలియా యను ప్రత్యేక వర్గముగా నేర్పఱచెను. పిదప థామసు హక్స్లీ యను యువకుఁడు 1846లో 'రాటిల్ స్నేక్' అను నౌకమీఁద సహాయవైద్యుఁడుగాఁ బయనించి, దారిలో దొరకిన నీలిబుడగలను గోసి పరీక్షించి, తన పరిశోధనలను 1859లో గ్రంథరూపమునఁ బ్రకటించెను. నౌక యెక్కునప్పటికి వాని వయస్సు 21 సంవత్సరములు మాత్రమే. అటుతరువాత చాలకాలము లోకమంతట నున్న నీలిబుడగ యొకటే జాతి యని పలువురు నమ్మిరి. 2025లో వివిధ సముద్రములలోని నీలిబుడగల వంశలక్షణములను బోల్చి చూచిన పండితులు, అవి నాలుగు వేర్వేఱు జాతులని నిర్ణయించిరి. చూచితిరా! లినేయసు నాఁటినుండి 2025 నాఁటికి 267 ఏండ్లు గడచినను, కంటియెదుటఁ దేలుచుండిన జీవినే మనుష్యుఁ డింకను దిద్దుకొని చూచుచున్నాఁడు. పేరు పెట్టుటతో విద్య ముగియదు; మొదలగును.

"ఇదంతయు బాగుగనే యున్నది. కాని మా పిల్లవాని కిందువలన నేమి ప్రయోజనము? వానికి బావి లోతు, విత్తనము ధర, బ్యాంకి వడ్డి తెలిసినఁ జాలును" అని తల్లిదండ్రులలో నొకరు అడుగుదురు గాక. ఆ ప్రశ్న న్యాయమైనది. నాలుగు ప్రత్యుత్తరములు మనవి చేసెదను.

మొదటిది ప్రాణరక్షణకు సంబంధించినది. మన పిల్లలు చిరకాలము మెట్టమీఁదనే యుండువారు గారు. పాఠశాల విహారయాత్రలకు విశాఖపట్టణము, చెన్నపట్టణము, గోవా పోవుచున్నారు. చదువు ముగిసినవారు ఉద్యోగములకై తీరపట్టణములకును, గల్ఫు దేశములకును వలసపోవుచున్నారు. సముద్రపుటొడ్డునఁ బుట్టిన బిడ్డ కపాయము తల్లి చెప్పఁగా దెలియును. మెట్టసీమ బిడ్డకు మొదటిసారి సముద్రమును జూచిన యానందమున నేదియుఁ దెలియదు. ఒడ్డున మెఱయు నీలపు బుడగను మొట్టమొదట ముట్టుకొనువాఁడు వాఁడే. 2018 ఆగస్టులో ముంబయి తీరమున సుమారు 150 మంది నీలిబుడగలచేఁ గుట్టఁబడిరని పత్రికలు ప్రకటించినవి. ఆ వార్తలలోఁ దఱచుగా దీనిని జెల్లీఫిష్ అనియే వ్రాసిరి.

కుట్టినప్పుడు కొరడాతోఁ గొట్టినట్లు గీఁతలు తేలి, భరింపరాని మంట పుట్టును. మరణ మరుదు. మొదట నీటినుండి బయటికి రావలయును. చర్మమునకు అంటుకొన్న దారములను వట్టిచేతితోఁ దాఁకక, పట్టకారుతోఁ గాని, చేతికి దొడుగు వైచికొని గాని తీయవలయును. సముద్రపు నీటితోనే కడుగవలయును, మంచినీటితోఁ గడుగఁగూడదు. ఇసుకతో రుద్దఁగూడదు. మూత్రము పోయవలెనను నాటువైద్యము వట్టి మూఢనమ్మకము. పిమ్మట నోర్చుకొనఁగలిగినంత వేడిగల, 45 డిగ్రీల సెంటీగ్రేడుకు మించని నీటిలో నా భాగమును 20 నిమిషము లుంచవలయును. ఆస్ట్రేలియాలో 2006లోఁ బ్రకటింపఁబడిన యొక పరీక్షయందు వేడినీటిలో నుంచినవారిలో నూటికి 87 మందికి నొప్పి తగ్గఁగా, మంచుగడ్డ పెట్టినవారిలో 33 మందికే తగ్గినది. ఊపిరాడకున్నను, స్మృతి తప్పినను, ముఖము వాచినను క్షణము జాగుచేయక వైద్యుని యొద్దకుఁ గొనిపోవలయును.

ఇచ్చట పేరు విషయ మెంత ముఖ్యమో చూడుఁడు. ఆస్ట్రేలియా ఉత్తరతీరమున నుండు పెట్టెజెల్లీ యను ప్రాణాంతకమైన జంతువు కుట్టినప్పుడు మొదటి చికిత్స వినెగరు పోయుట. ఆ దేశపు తీరరక్షకులే నీలిబుడగ కుట్టినప్పుడు వినెగరు వలదనియు, వేడినీరే వలయుననియుఁ జెప్పుదురు. వేఱుదేశపు పండితులు కొందఱు వినెగరు నంగీకరింతురు. వేడినీటి విషయమున మాత్ర మిరుపక్షముల వారికిని సమ్మతియే. కుట్టినవానినెల్ల జెల్లీచేప యని యొకటే గంపలోఁ బడవైచినచో, చికిత్స యేది యను ప్రశ్నయే పుట్టదు.

ఇది సముద్రపు మాట మాత్రమే యనుకొనరాదు. మన చేలలో నేమి జరుగుచున్నది? జెఱ్ఱిపోతును జూచి త్రాచుపామని కొట్టి చంపుచున్నారు. అది వేరుసెనగ గింజలను దినిపోవు నెలుకలను బట్టు మన సేవకుఁడు. మఱియొకవైపున, రాత్రివేళ నేలఁ బండుకొన్నవానిని కట్లపాము కఱచినచో, నొప్పి యంతగాఁ దెలియదు గనుక చీమయో పురుగో యని తలఁచి మరల నిద్రించుచున్నారు. తెల్లవాఱునప్పటికి మాట పడిపోవును. మంత్రగాని యింటికిఁ దిరుగుటలో మఱికొంత కాలము గడచును. ఆసుపత్రిలో నుండు విషహారి మందు వేళకుఁ జేరినవానికే పనికివచ్చును. చంపరానిదానిని జంపుట, జంకవలసినదానికి జంకకుండుట - ఈ రెండును నొకే యజ్ఞానమునకు రెండు కొమ్మలు. పోలికను జూచి నిర్ణయించుట మాని, లక్షణమును జూచి నిర్ణయించు నలవాటు పాఠశాలలో నీలిబుడగపై నేర్చినను, అది పొలములోఁ గట్లపాముపై నక్కఱకు వచ్చును.

రెండవ ప్రత్యుత్తరము గాలికిని వానకును సంబంధించినది. మన సీమలో సగటున సంవత్సరమునకు సుమారు 550 మిల్లీమీటర్ల వానయే కురియును. అందు సగమునకుఁ బైఁగా నైరృతి ఋతుపవనము వలనను, తక్కినదానిలోఁ బెద్దపాలు ఈశాన్య ఋతుపవనము వలనను లభించును. ఏ నైరృతిగాలి వానకాలమున నీలిబుడగలను దోలుకొనివచ్చి ముంబయి తీరమునఁ బాఱవైచుచున్నదో, ఆ గాలియే పడమటి కనుమల నెక్కి, తన నీటిమూటను అచ్చటనే దింపుకొని, రిక్తహస్తములతో మన మెట్టకు వచ్చుచున్నది. కావున మన కఱవు చరిత్రలో మొదటి పుట సముద్రముమీఁద వ్రాయఁబడుచున్నది. ఇఁకఁ దుదిపుటయు నచ్చటనే. మన పెన్న పాఱినప్పుడు, నెల్లూరుసీమ దాఁటి బంగాళాఖాతమునఁ గలియును. మనము వాఁగులో విసరిన ప్లాస్టికు సంచి వరదలోఁ గొట్టుకొనిపోయి సముద్రముఁ జేరుట కేమియు నడ్డములేదు. సముద్రపుఁ దాఁబేళ్లు జెల్లీచేపలను, నీలిబుడగలను దినును. నీటఁ దేలు పలుచని సంచిని జూచి యాహారమని భ్రమించి మ్రింగి చచ్చుచున్నవి. పోలికచే మోసపోవుట మనకే గాక తాఁబేటికిని గలదు. కాని దానికి పాఠశాల లేదు, మనకుఁ గలదు.

మూఁడవ ప్రత్యుత్తరము మన ముఖ్యమైన పంటకు సంబంధించినది. 1901లో మొనాకో రాజ్యపుఁ బ్రభువగు మొదటి ఆల్బర్టు తన నౌకలో సముద్రపరిశోధనకు బయలుదేఱుచు చార్లెసు రిషే, పాల్ పోర్షియే యను నిరువురు ఫ్రెంచి పండితులను వెంటఁ గొనిపోయెను. నీలిబుడగ విషమును బరీక్షింపవలెనని వారి ప్రయత్నము. ఇల్లు చేరినపిదప వారు దాని జ్ఞాతియగు సముద్రపుష్పపు విషముతోఁ గుక్కలపైఁ బరీక్షలు సాగించిరి. మొదటిసారి విషము నెక్కించినప్పుడు బ్రదికిన కుక్క, కొన్ని వారములకు మిక్కిలి స్వల్పమాత్ర నెక్కించినంతనే నిమిషములలోఁ జచ్చెను. అలవాటుచే శరీరము గట్టిపడుననుకొన్నచోట, విపరీతముగా సున్నితమయ్యెను. దీనికి వారు 1902లో 'అనాఫిలాక్సిసు' అని పేరిడిరి. ఈ పరిశోధనకే రిషే పండితునకు 1913లో నోబెలు బహుమాన మొసఁగఁబడినది. పెన్సిలిన్ సూదిమందు పడక కొందఱు పడిపోవుట, తేనెటీఁగ కుట్టి కొందఱు మరణించుట మొదలగువాని మర్మ మిందువలననే తెలిసినది. వేరుసెనగగింజ యొకటి తిన్నను ఊపిరాడక ప్రాణాపాయము పొందువారు లోకమునఁ గలరు. పాశ్చాత్యదేశములలో మిఠాయి పొట్లములమీఁద వేరుసెనగ గలదని హెచ్చరిక ముద్రించుట యందులకే. మన సీమ చేలలోఁ బండు చెనిక్కాయకును, నడిసముద్రపు నీలిబుడగకును నిట్టి చుట్టఱిక మున్నదని యెవరు తలంతురు? పనికిరాని విద్య యిది యని ముందుగా నిర్ణయింపఁగల ప్రాజ్ఞుఁడు ఇంతవఱకుఁ బుట్టలేదు.

నాలుగవ ప్రత్యుత్తరము "సముద్రము లేనిచోట దీని నెట్లు నేర్పుట?" అనువారికి. నీలిబుడగకు దగ్గఱి చుట్టము హైడ్రా యని పైనఁ జెప్పితిని. హైడ్రాకు సముద్ర మక్కఱలేదు. కదలక నిలిచిన తేటనీటిలో, నీటిమొక్కల యాకులకుఁ గాళ్లంటించుకొని యుండును. కొన్ని మిల్లీమీటర్ల పొడవు గల చిన్నదారమువలె నుండి, కొనయందు మీసములవంటి చేతులు చాఁచును. ఆ చేతులలోను నీలిబుడగ త్రాళ్లయందున్నట్టి తిత్తులే యున్నవి. మనుష్యుని కవి యపాయము చేయవు. దాని ప్రక్కలయందును మొగ్గలు తొడిగి పిల్లలగును. కాని హైడ్రాపిల్ల తల్లిని విడిచి పోవును, నీలిబుడగ మొగ్గ విడువక నిలుచును. భేదమంతయు నా నిలుచుటయందే యున్నది.

హైడ్రాను మొట్టమొదట శ్రద్ధతోఁ బరీక్షించిన వాఁడెవఁడో వినుఁడు. అబ్రహాము ట్రెంబ్లీ యనునతఁడు హాలెండు దేశమున నొక ప్రభువు నింట నిరువురు బాలురకుఁ జదువు చెప్పు నుపాధ్యాయుఁడు. 1740లో గుంటనీరు గాజుసీసాలో నుంచి శిష్యులతోఁ గూడి చూచుచుండఁగా హైడ్రా కనఁబడినది. అది మొక్కయో జంతువో తేలలేదు. కత్తిరించినచో రెండు ముక్కలును బ్రదికిన మొక్క యగుననుకొని కత్తిరించెను. రెండును బ్రదికి, రెండు పూర్తి హైడ్రాలయ్యెను. అయినను అవి చేతులు చాఁచి పురుగులను బట్టి తినుచుండెను, కావున జంతువే. ముందనుకొన్న పరీక్ష తప్పని గ్రహించి, జంతువనఁగా నేమో యను భావమునే యతఁడు మార్చుకొనవలసివచ్చెను. 1744లో నతని గ్రంథము వెలువడఁగా యూరపుఖండమంతయు నాశ్చర్యపడినది. దాని కయిన వ్యయ మెంత? సీసా యొకటి, భూతద్ద మొకటి, గుంటెడు నీరు, ఓపిక. ఇందులో మన పాఠశాలకు లేనిది నీరొక్కటే. అదియు మంచివాన కురిసిన యేఁట దొరకును.

ఇఁక నొక మాట. బహుమాన ప్రదానసభలలో నుపన్యాసకులు నీలిబుడగను గూర్చి ప్రస్తావించినచో, ఐకమత్యమునకు దృష్టాంతముగాఁ జెప్పుటకే ముచ్చటపడుదురు. "చూడుఁడు, తినునది తినుచున్నది, తేల్చునది తేల్చుచున్నది, మీరును మీమీ పనులు చేసికొనుచుఁ గలసి బ్రదుకుఁడు" అందురు. ఈ నీతి నాకు రుచింపదు. నీలిబుడగయందు నోరైనది యెన్నఁటికిని నోరే; త్రాడైనది యెన్నఁటికిని త్రాడే. మొగ్గతొడిగిన నాఁడే దాని పని నిర్ణయమైపోయినది. మనుష్యుల నట్లు పుట్టుకతోనే పనులకుఁ గట్టివైచిన సంఘము మేలుగలది గాదని మన దేశము చాల బాధపడి తెలిసికొన్నది. కూలివాని కూఁతురు వైద్యురాలగుటకును, కాపు బిడ్డ నౌక నడపుటకును, అక్షరము రాని తల్లి కొడుకు తల్లికే యక్షరములు నేర్పుటకును గదా పాఠశాల వెలసినది. కావున నీలిబుడగను జూచి యాశ్చర్యపడుదము, దానినుండి శాస్త్రము నేర్తము. నీతిని మాత్రము మన మనుష్యులయొద్దనే నేర్చుకొందము. ప్రకృతిని బలవంతపెట్టి మనకు వలసిన పాఠము చెప్పించుటయు నొక విధమైన తప్పుచూపే.

పాఠశాలాధికారులకు వినయపూర్వకముగా మూఁడు మనవులు. విహారయాత్రకు సముద్రతీరమును నిర్ణయించినయెడల, బయలుదేఱుటకు ముందు నొక గంట తీరమున ముట్టరానివానిని గూర్చియు, ప్రథమచికిత్సను గూర్చియు బోధింపఁబడుఁ గాక. బండిలో నన్నపుమూటలతోఁ బాటు పట్టకారు, చేతిదొడుగులు, వేడినీటి ఫ్లాస్కు ఉండుఁ గాక. రెండవది: వానలు పడిన పిమ్మట తరగతికొక గాజుసీసా చొప్పున చెఱువునీరు దెప్పించి, భూతద్దముతో విద్యార్థులచేఁ జూపించి, చూచినదానిని చూచినట్లు వ్రాయింపఁదగును. పుస్తకములోని బొమ్మను జూచి వ్రాసినవానికి మార్కులు తగ్గింపవలెను. బొమ్మకును సీసాకును భేదము గనిపెట్టినవానికి హెచ్చింపవలెను. మూఁడవది: మన పొలములలోని పాములు, తేళ్లు, పురుగులు వీనిని లక్షణములతో గుఱుతించు పటమొకటి ప్రతి తరగతిగోడకును వ్రేలాడఁగట్టఁదగును.

తల్లిదండ్రులకు నొక విన్నపము. పిల్లవాఁడు వాఁగులోనుండి సీసాతో మురికినీరు దెచ్చి యరుగుమీఁద పెట్టినచో కోపింపకుఁడు. పరీక్ష ముగియువఱకు నా సీసాను పాఱఁబోయకుఁడు. కఱవుసీమలో నీటిబొట్టు విలువ మనకుఁ దెలిసినట్లు వేఱెవరికిని దెలియదు. ఆ బొట్టులోని ప్రాణిని జూచు విలువయు మన పిల్లలకుఁ దెలియవలదా?

బాలబాలికలారా! మీలో పెక్కుమంది యింకను సముద్రమును జూచియుండరు. ఒకనాఁడు తప్పక చూతురు. ఒడ్డున నీలపు బుడగ కానవచ్చినప్పుడు చేయి చాఁపకుఁడు, కన్ను చాఁపుఁడు. దానికి గొడుగున్నదా, తెరచాప యున్నదా, త్రాళ్లెన్ని, గాలి యేవైపునుండి వీఁచుచున్నది అని చూడుఁడు. ప్రక్కనున్నవాఁడు జెల్లీచేప యనినచో పరిహసింపక, ఎందుచేతఁ గాదో నెమ్మదిగాఁ జెప్పుఁడు. వాని బిడ్డను దానికి దూరముగాఁ బిలువుఁడు. అంతవఱకు మీ చెఱువుగట్టే మీకు సముద్రతీరము. మన పెద్దలు చెఱువునకు సముద్రమని పేరు పెట్టుట ఆశచేత నైనను, ఆ పేరును జ్ఞానముచే సార్థకము చేయుట మీ చేతిలో నున్నది. వానలు సకాలమునఁ గురియుఁ గాక! చెఱువులు నిండుఁ గాక! నిండిన నీటిలో మీ చూపు లోఁతులకు దిగుఁ గాక!